బొమ్మ లేని పేజీ

మయూర్ విహార్‌లో మా సొసైటీకి పాత సామాన్లు కొనే కబాడీ భయ్యా నెలకోసారి వస్తాడు. పోయిన ఆదివారం వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అమ్మాజీ, పాత పేపర్లు, అఖ్బార్ ఏమైనా ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "ఈ బ్లాకు మొత్తంలో ఒక్క ఇంట్లోనూ లేదు. అన్నీ అట్టపెట్టెలే," అని గొణుక్కుంటూ లిఫ్ట్ ఎక్కాడు.

అతని మాట నిజమే. మా ఇంట్లో నలుగురం. మా అల్లుడు చూసే వార్తలు మా అమ్మాయికి పడవు. అది చూసేవి ఆయనకి పడవు. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, చెవుల్లో ఆ తెల్ల పుల్లలు పెట్టుకుని, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ ఇడ్లీలు తింటారు. మాటా లేదు, పోట్లాటా లేదు. శాంతిగా ఉందని అందరూ అంటారు. నాకైతే చప్పగా ఉంటుంది.

కబాడీ భయ్యాకి అబద్ధం చెప్పాను. నా దగ్గర ఒక కాగితం ఉంది. నా ఇనప్పెట్టె అడుగున ఉంది. ఒక తెలుగు వారపత్రికలోంచి వచ్చింది. నాకంటే పదేళ్ళే చిన్నది. దాన్ని తూకానికి వెయ్యను. ఎందుకు వెయ్యనో చెప్పాలంటే మా అమ్మ మెస్సు గురించి చెప్పాలి.

ఇదే ఢిల్లీలో, యమునకి అవతల, ఇప్పుడు అద్దాల టవర్లు లేచిన చోట అప్పుడు పసుపు సున్నం కొట్టిన సర్కారీ క్వార్టర్లు ఉండేవి. అందులో ఒక గుమాస్తా గారి క్వార్టరు వెనక రెండు గదులు, ఒక రేకుల వసారా. నాన్న పోయాక అమ్మ అక్కడ తెలుగు భోజనం మొదలుపెట్టింది. బోర్డు లేదు. ఇంగువ వాసనే బోర్డు. పొద్దున్నే అంగీఠీ కుంపట్లో బొగ్గుల పొగ, పది గంటలకి పోపు, మధ్యాహ్నం చింతపండు చారు, ఎండాకాలం సాయంత్రాలు తలుపుకి వేలాడదీసిన తడి గోనెపట్టా వాసన. దసరా దగ్గర పడిందంటే వీధిలో పారిజాతాలు రాలేవి. పంజాబీ పిల్లలు వాటిని హర్‌సింగార్ అని ఏరుకునేవాళ్ళు. నాకు ఏరుకునే తీరిక ఉండేది కాదు. నేను బడికి పోలేదు. అమ్మకి రెండో జత చేతులు కావాలి, అవి నావే.

మెస్సుకి వచ్చేవాళ్ళంతా కేంద్ర సర్కారు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళు. గుంటూరు, ఏలూరు, కర్నూలు, వరంగల్, అన్ని వైపులవాళ్ళూ ఉండేవారు. ఊరిని బట్టి కూర్చునేవారు కాదు, పేపరుని బట్టి కూర్చునేవారు. కిటికీ వైపు వరస ఎర్ర పేపరు వాళ్ళది. యూనియన్లు, ధర్నాలు, బీడీలు. తలుపు వైపు వరస పెద్ద పేపరు వాళ్ళది. ఇస్త్రీ చొక్కాలు, అధికార పార్టీ, వక్కపొడి. రెండు పేపర్లూ దక్షిణం నుంచి వచ్చే బండిలో మూడో రోజుకి చేరేవి. అమ్మ రెండూ తెప్పించేది. ఒకటి మానేస్తే ఒక వరస మానేస్తుందని ఆమెకి తెలుసు. కిటికీ దగ్గర ఒక మేకు, తలుపు దగ్గర ఒక మేకు. ఏ పేపరు ఆ మేకుకి. కట్ట విప్పితే సిరా వాసనతో పాటు రైలు బొగ్గు వాసన, దారిలో ఎవరో పక్కన పెట్టిన మామిడికాయల వాసన వచ్చేవి.

నాకు అక్షరం రాదు కానీ కళ్ళు మూసుకుని ఏది ఏ పేపరో చెప్పేదాన్ని. ఎర్ర పేపరు పల్చన, సిరా వేళ్ళకి అంటుకునేది. పెద్ద పేపరు మందం, మడిస్తే చప్పుడయ్యేది. పెద్ద పేపరు వాళ్ళే వేసే వారపత్రిక ఒకటి శనివారం వచ్చేది, అది మెత్తన. తలుపు మేకుకి దారంతో వేలాడేది. కిటికీ వరస వాళ్ళు దాన్ని పనిలేని ఆడవాళ్ళ కాలక్షేపం అని తిట్టేవారు. తిట్టినవాళ్ళే ఆదివారం చొక్కా లోపల దాన్ని దూర్చుకుని స్నానాలగది గోడ వెనక్కి పోయి సీరియల్ చదివి వచ్చేవారు. నేను గోడ మీంచి తొంగి చూసి, "చెప్పనులెండి, నువ్వుల రేవడీలు కొనిపెట్టండి" అనేదాన్ని. ఆ రకంగా ఎర్ర పార్టీ రేవడీలు చాలా తిన్నాను.

నాకు చదువు చెబుతామని రెండు వరసలూ అడిగాయి. "ఎర్ర పేపరు తలకట్టు చూపించి మొదలెడతానండీ, నెలరోజుల్లో చదివేస్తుంది" అన్నారు కిటికీ వరసలో బట్టతలాయన. "మా పేపర్లో అక్షరాలు పెద్దవి, పిల్ల కళ్ళకి మంచిది" అన్నారు తలుపు వరసలో పియ్యే గారు. ఆయన ఒక ఎంపీ గారి దగ్గర పి.ఏ. కాబట్టి అందరికీ పియ్యే గారే. ఇంట్లో ఆవిడ వంట ఉన్నా, రాజకీయం కోసం మా మెస్సుకే వచ్చేవారు. అమ్మ ఇద్దరికీ ఒకే సమాధానం చెప్పింది. "దీనికి ఏ పేపర్లోంచి 'అ' నేర్పినా రెండో వరస నా మెస్సు మానేస్తుంది. దానికి అక్షరాలు వద్దు, నాకు మీ గొడవ వద్దు."

అలా ఏ పార్టీకీ చెందకుండా, ఏ అక్షరమూ రాకుండా పెరిగాను. అమ్మని తప్పు పట్టను అని రాద్దామనుకున్నాను. అది నిజం కాదు. చాలా ఏళ్ళు తప్పు పట్టాను.

మెస్సులో ఇంకో పద్ధతి ఉండేది. నేల మీద కంచాల కింద పాత కాగితాలు పరిచేవాళ్ళం. అందుకు ఇంగ్లీషు పేపర్లే వాడాలి. వాటి మీద చారు పడితే ఎవరికీ బాధ ఉండదు. ఒకరోజు ఇంగ్లీషువి అయిపోయాయి. నేను తలుపు మేకు నుంచి పాత పెద్ద పేపరు తీసి పరిచేశాను. పియ్యే గారి కంచం పక్కనే వాళ్ళ నాయకుడి ముఖం. అమ్మ వడ్డిస్తుంటే గరిటెలోంచి సాంబారు సరిగ్గా ఆ ముఖం మీద పడింది, ఒక ములక్కాడ ముక్కతో సహా.

పియ్యే గారు ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డారు.

"అక్కయ్యగారూ! ఇది పిల్ల పని కాదు. ఎవరో చెప్పి చేయించారు. చేయించినవాళ్ళు కిటికీ పక్కన కూర్చుని నవ్వుతున్నారు, చూడండి."

"మీ నాయకుడికి ములక్కాడైనా దొరికింది," అన్నారు బట్టతలాయన. "మా తాలూకాలో జనానికి అదీ లేదు."

"మీవాడి ముఖం మీద పడితే తెలిసేది మీకు."

"మావాళ్ళు ముఖాలు వేయించుకోరండీ, కాగితం దండగ."

అమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "నా వసారాలో రెండే పార్టీలు. చెయ్యి కడుక్కుని కూర్చున్నవాళ్ళు, కడుక్కోకుండా కూర్చున్నవాళ్ళు. పియ్యే గారూ, కూర్చోండి, అన్నం చల్లారుతోంది."

ఆయన కూర్చున్నారు. అమ్మ లోపలికి వచ్చి నా చెవి మెలిపెట్టింది. "ఇంకోసారి ముఖం ఉన్న కాగితం ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా."

అది నా బుర్రలో గట్టిగా కూర్చుంది. ముఖం ఉన్న కాగితం ఎవరో ఒకరిది. ముఖం లేనిది ఎవరిదీ కాదు. పదేళ్ళ వయసులో నాకు తెలిసిన రాజకీయం అంతే.

కిటికీ వరసలో చివర ఒక సన్నటాయన కూర్చునేవారు. ఏదో మంత్రిత్వ శాఖలో టైపిస్టు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. యూనియన్ కరపత్రాలన్నీ ఆయనే టైపు చేసేవారు. అందరూ మాట్లాడుతుంటే వినేవారు, పెరుగన్నంలో నిమ్మకాయ ఊరగాయ నంజుకుని లేచిపోయేవారు. నేను టైపు మావయ్య అనేదాన్ని. నన్ను అమ్మడూ అని పిలిచేవారు. మెస్సులో నన్ను "ఏయ్ పిల్లా" అని పిలవనిది ఆయనొక్కరే.

ఆ ఏడు దసరాకి అమ్మ వంటింటి అలమర కడిగించింది. కడిగాక అరలకి కాగితం పరిచి, అంచు కిందికి వేలాడదీయాలి. ఆ అంచుని నాలుగు మడతలు పెట్టి, కత్తెరతో పళ్ళు పళ్ళుగా కోసి, మధ్యలో డైమండ్లు తీస్తే, విప్పినప్పుడు లేసులా వస్తుంది. పక్క క్వార్టరు పంజాబీ ఆంటీ నేర్పిన విద్య. నాకు దాని మీద పిచ్చి. ఇంగ్లీషు కాగితం పెళుసు, మడత దగ్గర చిరుగుతుంది. మెత్తటి కాగితం వారపత్రికదే. ముందురోజు సాయంత్రమే వచ్చింది. ఆదివారం పొద్దున్నే తీసి పేజీలు తిప్పాను. అట్ట మీద ముఖం. లోపల ముఖం. సీరియల్‌కి కూడా పెద్ద కళ్ళ అమ్మాయి ముఖం. చివరికి ఒక కాగితం దొరికింది, రెండు వైపులా రాతే రాత, బొమ్మ లేదు. ఎవరి ముఖమూ లేదు కాబట్టి ఎవరిదీ కాదు. చింపాను.

కొత్త సంచికని ఎలా పాడు చేశావే అని మీరడగొచ్చు. బొమ్మ లేని పేజీ ఎవరు చూస్తారు అనుకున్నాను. నేను చూడను కదా.

పళ్ళు తీశాను, డైమండ్లు తీశాను. కింద పడిన ముక్కలన్నీ అమ్మ ఊడ్చి, అన్నం అంగీఠీ రాజెయ్యడానికి వాడేసింది. చింతపండు జాడీ, ఉప్పు జాడీ అరలో పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను.

పది గంటలకి టైపు మావయ్య వచ్చారు. భోజనానికి ఇంకా రెండు గంటలుంది. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. ఆదివారం ఆయన గడ్డం గీసుకోవడం అదే మొదటిసారి చూడటం. వసారాలో ఎవరూ లేరు. నేరుగా తలుపు మేకు దగ్గరికి వెళ్ళారు. కిటికీ వరస వాళ్ళు పట్టపగలు ఆ మేకు ముట్టుకోరు. వారపత్రిక తీసి గబగబా తిప్పారు. మొదటినుంచి చివరికి, చివరినుంచి మొదటికి.

"అమ్మడూ, ఇందులో ఒక కాగితం లేదేమిటి?"

నేను ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి అలమర చూపించాను. "ఎలా ఉంది మావయ్యా? నేనే చేశాను!"

ఆయన అలమర ముందుకి వచ్చారు. తర్వాత చింతపండు జాడీ పక్కకి జరిపి, ఉప్పు జాడీ జరిపి, వంగి చదవడం మొదలెట్టారు. చిల్లు వచ్చిన చోట ఆగేవారు. పెదాలు కదిలేవి, చిల్లులో ఉన్నది చూడకుండానే చెప్పుకునేవారు. అప్పుడు నాకు భయం వేసింది.

"ముక్కలు ఉన్నాయా అమ్మడూ?"

నేను అంగీఠీ వైపు చూపించాను. దాని మీద అన్నం కుతకుతలాడుతోంది.

"ఇది నేను రాశాను," అన్నారు. "కథ. మొట్టమొదటిది. వేరే పేరు పెట్టి పంపాను. మావాళ్ళ పేపర్లో కథంటే సమ్మె ఉండాలి. నా కథలో సమ్మె లేదు. అందుకని వీళ్ళకి పంపాను. కొత్తవాడిని కదా, బొమ్మ కూడా వెయ్యలేదు. ఎవరికీ చెప్పకు. నా వరసకి తెలిస్తే నన్ను మనిషిగా చూడరు. ఆ వరసకి తెలిస్తే నెత్తికెక్కి ఆడతారు."

నాకు పెద్దగా అర్థం కాలేదు. మావయ్యది ఏదో నేను పాడు చేశానని మాత్రం అర్థమైంది. ఏడుపు మొదలెట్టాను. ఆయన జాడీలు మళ్ళీ జాగ్రత్తగా సర్ది, "లేసు బాగా కుదిరింది," అన్నారు.

అంతటితో అయిపోలేదు. భోజనాల దగ్గర పియ్యే గారు పప్పు కలుపుకుంటూ గొంతెత్తారు. "కథంటే మన వారపత్రికలోనే పడాలండీ. ఈ వారం ఎవరో కొత్తవాడు రాశాడట, మా ఆవిడ చదివి కళ్ళు తుడుచుకుంది. ఏయ్ పిల్లా, ఇలా పట్రా దాన్ని."

తెచ్చి ఇచ్చాను. ఆయన ఎడంచేత్తో తిప్పి చూసి, "ఇందులో కాగితం ఎవరు చింపారు?" అన్నారు. పత్రిక పైకెత్తి అందరికీ చూపించారు. "అడుగుతున్నాను. ఎవరు చింపారు? కిటికీ పక్క పెద్దమనుషులేనా?"

"మాకేం పని ఆ చెత్తతో?" అన్నారు బట్టతలాయన.

"చదవకుండానే చెత్తని ఎలా తెలిసింది?"

"ఏ పేపర్లో పడిందో తెలిస్తే చాలదూ? రాసినవాడు అమ్ముడుపోయినవాడు. వేరే చెప్పాలా?"

పియ్యే గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పవే. ఇక్కడే ఉంటావుగా. ఎవరు?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకి తెలుసు. లేసు ఆమె కూడా చూసింది. ఈ మాట బయటపడితే తలుపు వరస సాయంత్రం నుంచి రాదు. నా నోట్లోంచి మాట వచ్చేలోగా కిటికీ వరస చివరినుంచి ఒక గొంతు వినిపించింది.

"నేనే చింపాను."

టైపు మావయ్య తల ఎత్తలేదు. చారు కలుపుకుంటున్నారు.

"మీరా? ఎందుకండీ?"

"బాగాలేదు. అందుకని."

కిటికీ వరస చప్పట్లు కొట్టింది. బట్టతలాయన లేచి వచ్చి ఆయన వీపు తట్టారు. "శభాష్! ఇన్నాళ్ళకి మా టైపాయనకి రోషం వచ్చిందండోయ్!" తలుపు వరస కంచాలు తోసేసి లేవబోయింది. అమ్మ అప్పుడే అరిసెల పళ్ళెం పట్టుకుని వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పండగ పూట నా ఇంట్లోంచి అరిసె తినకుండా ఎవరు లేస్తారో చూస్తాను," అంది. ఎవరూ లేవలేదు. టైపు మావయ్య కంచంలో రెండు వేసింది, పెరుగు గరిటె నిండా పోసింది.

తన కథని తనే చింపానని చెప్పి, దానికి చప్పట్లు కొట్టించుకుని, ఆ కథ కాల్చి వండిన అన్నం తిని ఆయన లేచారు. కుళాయి దగ్గర నేను చెంబుతో నీళ్ళు పోశాను.

"చూశావా అమ్మడూ," అన్నారు చేతులు కడుక్కుంటూ. "రెండు వరసలూ పత్రికనే చూశాయి. కథ ఎవరూ చూడలేదు. నాకు తెలియాల్సింది ఒకటే. బాగుందా, లేదా? ఎవర్ని అడగను?"

నేను ఇంకో చెంబు నీళ్ళు ముంచాను.

"నువ్వు చదువు నేర్చుకో. నేర్చుకున్నాక చదివి చెప్పు. నీకు వరస లేదు, మొహమాటం లేదు. నువ్వయితే నిజం చెబుతావు."

సరేనని తల ఊపాను. మర్నాడు పియ్యే గారి ఇంటికి పరుగెత్తి, వాళ్ళావిడని ఆ వారపత్రిక ఇమ్మని అడిగాను. ఆవిడ సీరియల్ పేజీలు చింపి దారంతో కుట్టుకుని, మిగతాది అప్పుడే పాత పేపర్ల రద్దీవాడికి ఇచ్చేసింది. "అక్షరం రానిదానివి, నీకెందుకే?" అని నవ్వింది. నవ్వినా ఒక జంతిక పెట్టింది. తిన్నాను.

వేసవి రాకముందే టైపు మావయ్యకి బదిలీ అయింది. కొన్నాళ్ళకి అమ్మ పేర కార్డు వచ్చింది. బట్టతలాయన చదివి వినిపించారు. క్షేమం, ఎండలు, నిమ్మకాయ ఊరగాయ గుర్తొస్తోంది, అమ్మడు అక్షరాలు మొదలెట్టిందా? "ఈయనకి ఈ పిల్ల చదువు మీద ఇంత ధ్యాసేమిటో," అని నవ్వారు. నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. జవాబు రాయించలేదు. ఏ వరస చేత రాయించను? ఆ తర్వాత కార్డు రాలేదు.

మెస్సు మూతపడ్డ రోజు అలమర నుంచి ఆ కాగితం ఊడదీసి పెట్టెలో దాచాను. తర్వాత పెళ్ళి, పిల్ల, ఇళ్ళల్లో వంటపని. మధ్యలో అక్షరాలు నేర్చుకోవచ్చు. నేర్చుకోలేదు. తీరిక లేదని చెప్పుకునేదాన్ని. సగం నిజం. చదివితే ఏం పాడు చేశానో తెలుస్తుందని మిగతా సగం.

అరవై దాటాక, మా సొసైటీ కమ్యూనిటీ హాల్లో శనివారాలు తెలుగు పిల్లలకి తెలుగు క్లాసు పెట్టారు. ఇందిరాపురం నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి వచ్చి చెప్పేది. మా మనవరాలిని దింపడానికి వెళ్ళి, నేను కూడా చాపమీద కూర్చున్నాను. మనవరాలికి సిగ్గు ముంచుకొచ్చింది. "నానీ, ప్లీజ్, బయట కూర్చో!" కూర్చోలేదు. ఆరేళ్ళ పిల్లలు నా పలక చూసి, "ఆంటీ, ఉల్టా హై" అని దిద్దేవాళ్ళు. రెండేళ్ళు పట్టింది. ఎవరి పేపరూ లేకుండానే నేర్చుకున్నాను.

పోయిన ఆదివారం కబాడీ భయ్యా వెళ్ళాక పెట్టె తెరిచాను. కాగితం పసుపెక్కింది. చింతపండు జాడీ గుండ్రటి మరక అలాగే ఉంది. మనవరాలు పక్కన చేరింది. వేలు పెట్టి, చిల్లులు దాటుకుంటూ, పైకే చదివాను.

చిన్న స్టేషను. వాన. ఒక ముసలావిడ ఊరగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని ఎవరికోసమో కూర్చుని ఉంటుంది. పోర్టరు వచ్చి, బండి ఆలస్యమమ్మా, ఇంటికి పో అంటాడు. ఆవిడ పోదు. నువ్వు పోవోయ్, నీ అన్నం చల్లారుతోంది, అంటుంది. అక్కడ నేను ఆగిపోయాను. అది మా అమ్మ మాట. ఆయన పెరుగన్నం తింటూ మాట్లాడకుండా కూర్చున్నది ఇందుకన్నమాట.

మావయ్యా, మీరెక్కడున్నారో నాకు తెలియదు. అసలున్నారో లేదో తెలియదు. నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. వాన ఎక్కువైంది. మొదటి పేజీలో సగం వానే, అంత అక్కర్లేదు. పోర్టరు మరీ మంచివాడు, ఢిల్లీ పోర్టర్లని చూసినదాన్ని నేను నమ్మలేదు. ముసలావిడ మాత్రం మనిషే. ఆవిడ మాట్లాడినప్పుడల్లా బాగుంది. ఆఖరికి బండి కూత వినిపిస్తుంది, ఆవిడ జాడీ పట్టుకుని లేచి నిలబడుతుంది. అక్కడినుంచి కాగితం లేదు. పళ్ళు పళ్ళుగా లేసు. బాగున్నదంతా అందులోనే పోయిందేమో.

మనవరాలు ఆ అంచుని వేలితో తడిమి చూసింది. "ఫిర్ క్యా హువా, నానీ? బండిలోంచి ఎవరు దిగారు?"

"తర్వాత అన్నం ఉడికింది," అన్నాను.